నెత్తళ్లు ఎండే చోటు అడవైంది

ఆ సరుగుడు మొక్కలకు మొదట నీళ్లు పోసింది నేనే. ఆ మాట ముందు రాయండి. మా ఆయన సముద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని ఏడాది అడవి ఆఫీసువాళ్లు మా ఒడ్డున నాటారు. కూలికని కుండలతో నీళ్లు మోశాను. నేను నెత్తళ్లు ఆరబోసుకునే ఇసుకలోనే నాటుతుంటే, వాటి నీడ ఎంత దూరం పాకుతుందో ఆలోచించలేదు. నాది బుద్ధితక్కువ.

నాలుగేళ్లకు నీడ వచ్చింది. నెత్తలి అంటే వేలెడంత చేప, పొద్దంతా గట్టి ఎండ తగలాలి. లేకపోతే మెత్తబడి పురుగు పడుతుంది. రెండు గంపలు సముద్రంలో పారబోశాను. నాకున్న బతుకల్లా ఆ గంపలే. రెండు వరసలు కొట్టించండని అడిగితే, టేపుతో మాను కొలుస్తున్న అడవి ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు.

"కుదరదమ్మా. ఈ చెట్లు గాల్లో పొగ పీల్చుకుంటాయి. పొగ తగ్గిస్తామని మన దేశం ప్రపంచానికి మాటిచ్చింది. ఇవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి."

"పొగెవులిది బాబూ? నా పొయ్యిదేటి?"

నవ్వాడు. ఎక్కడో ఫ్యాక్టరీ గొట్టం వదిలే పొగకు నా ఎండ ఎందుకివ్వాలి?

తర్వాత తుఫాను కొట్టింది. ఒక్క మాను మిగల్లేదు. ఇంటి కప్పు ఎగిరిపోయిందని ఏడవాలో, ఎండ తిరిగొచ్చిందని నవ్వాలో తెలియలేదు. పడ్డ మానులు లారీల్లో పోయాక, మోళ్ల మధ్య నేనూ నా తోడికోడలూ వల పరిచి నెత్తళ్లు పోశాం.

నెల తిరక్కుండా అదే ఆఫీసరు దిగాడు. "తియ్యండి. ఇది అడవి."

"అడవేదప్పా?" తోడికోడలు నావైపు తిరిగింది. "నాకు కళ్లు పోనాయేటి?"

"కాగితంలో చెట్లున్నాయి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. శవం దొరకలేదని మా ఆయన చావును ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు వీళ్ల ఆఫీసులు. ఇప్పుడు మోళ్లు కాలికి తగులుతున్నా చెట్లు బతికే ఉన్నాయట!

మిట్టమధ్యాహ్నం. అతను నెత్తిన రుమాలు వేసుకున్నాడు.

"ఎండలో ఉన్నారేటి బాబూ? ఎల్లి మీ సెట్ల నీడన కూసోండి. ఇయి ఎండీదాకా నాను కదల్ను."

అతను నిజంగానే నీడ కోసం అటూ ఇటూ చూసి, జీపెక్కాడు.

మర్నాడు కూలీలు వచ్చి మళ్లీ గుంతలు తవ్వారు. నీళ్లు మొయ్యమని నన్నే పిలిచారు. కుండ ముట్టలేదు. గంప దించి, మొదటి గుంత మీదే వల పరిచాను.