పారబోసిన పసుపు

నా ప్లేట్లు పసుపు రంగుకు తిరిగాయని అక్క పారబోసింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్కంటే సొంత అక్క కాదు, మా ల్యాబ్‌లో నా సీనియర్. మనసు వెన్న. అదే నాకొచ్చిన చావు.

నా పని ప్లేట్లలో పెంచే ఎలుక కణాల్లోకి బ్యాక్టీరియాను ఎక్కించడం. టైఫాయిడ్ తెచ్చేదానికి దగ్గరి చుట్టం అది. కణం లోపల మకాం పెట్టాక ఊరికే తిని కూర్చోదు, ఏకంగా వంటింటినే మార్చేస్తుంది. నిదానంగా, పొదుపుగా శక్తి తయారు చేసుకునే కణం కాస్తా చక్కెరను గబగబా సగం సగం వాడేసి, మిగిలినదాన్ని ఆమ్లంగా బయటికి వదులుతుంది. పెరుగును పులిపించే ఆమ్లమే అది. అప్పుడు కణాలకు పోసే ఎర్రటి ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. అందులో ఎంత ఆమ్లం చేరిందో కొలవాలి. నాకు కావలసింది ఆ కొలతే.

చిక్కేమిటంటే, గాల్లోంచి ఏదో పడి ప్లేట్లు పాడైనా ద్రవం పసుపే అవుతుంది. అందుకని ల్యాబ్‌లో పసుపు కనబడితే పారెయ్యడం అందరికీ అలవాటు.

ఎలుకల్ని వాడే అనుమతి అయిపోయింది. ఉన్న కణాలతో అదే ఆఖరి ప్రయోగం. ఈసారి ఫలితం చూపించకపోతే ఫెలోషిప్ పొడిగించరని మా గైడ్ సార్ ముందే చెప్పారు.

ఆ ఉదయం మౌలాలి నుంచి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. చేరేసరికి అక్క గ్లౌజులు విప్పుతూ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పరేషాన్ గాకు చెల్లె. నీ ప్లేట్లు సగం ఖరాబైనయ్. బ్లీచింగ్ పోసి పారేసిన. మంచియి పక్కకు పెట్టిన, జెర చూస్కో."

మంచివట! అవి బ్యాక్టీరియా ఎక్కించనివి, పోల్చి చూడటానికి పెట్టుకున్నవి. ఎర్రగా నిక్షేపంగా ఉన్నాయి.

"అయ్యో అక్కా, పసుపైతేనే గదా నాకు కావాల్సింది! మూత మీద రాసి పెట్టిన గదా!"

"రాసినవ్ గానీ, గంత పసుపైతే ఎవరైనా ఏమనుకుంటరు? మిగిలినోళ్ళయి సుత పాడైతయని పారేసిన."

ఏమని తిట్టను? తిట్టడానికి కూడా వీల్లేదే అని మరీ ఏడుపొచ్చింది.

రివ్యూలో సార్ అడిగారు. "పసుపైందని నీకెట్ల తెలుసు? నువ్వు చూసినవా?"

"లేదు సార్."

పక్కనున్న అక్క లేచి నిలబడింది. "నేను చూసిన సార్. బ్యాక్టీరియా ఎక్కించినయి ఒక్కటి విడవకుండ అన్నీ పసుపే. ఎక్కించనియి ఒక్కటి సుత రంగు మారలే. ఇంత సాఫ్‌గ ఏ ప్రయోగంల చూడలే."

ఇన్నేళ్ళుగా నేను కళ్ళారా చూడాలనుకున్న ఫలితం అది. నాకంటే బాగా చెప్పింది. సార్ అంతా విని, "కొలిచిన్రా?" అన్నారు.

ఇద్దరం ఒకేసారి లేదన్నాం. ఫెలోషిప్ పొడిగించలేదు.