రెండు మూతల రంపం

1978 జూన్‌లో నన్ను కర్నూలు వైపు నుంచి నరసాపురం సబ్‌డివిజన్‌కు మెకానిక్‌గా బదిలీ చేశారు. కాలువలు, లాకులు, మురుగు డ్రెయిన్లు మా శాఖ పని. నా చేతికింద నాలుగు డీజిల్ పంపులు, గట్ల మీద గడ్డి కోసే రెండు చిన్న మిషన్లు, విదేశం నుంచి తెప్పించిన ఒక పెట్రోలు రంపం ఉండేవి. హోదాలో నేను ఫోర్‌మన్‌కు కింద, ఫిట్టరుకు పైన. అంటే పై నుంచి తిట్లు, కింద నుంచి సాకులు, రెండూ నాకే చేరేవి.

ముందు ఆ రంపం సంగతి చెప్పాలి. దానిది స్కూటరు ఇంజను జాతే, టూ స్ట్రోక్. కారుకో లారీకో ఉన్నట్టు దీని అడుగున ఆయిలు తొట్టి ఉండదు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయాలి. ఆ కలిపిన ఆయిలే లోపలికి వెళ్ళి, పిస్టనుకూ సిలిండరుకూ మధ్య పొరలా నిలుస్తుంది. స్కూటరుకు బంకులో కలిపే పాళ్ళు దీనికి చాలవు. లీటరుకు నలభై మిల్లీలీటర్లు, అంటే దాదాపు రెట్టింపు కలపాలి. నిమిషానికి ఎనిమిది వేలసార్లు పైకీ కిందకీ కొట్టుకునే లోహాన్ని కంటికి కనిపించని ఆ పొర ఒక్కటే కాపాడుతుంది. ఎన్ని ఇంజన్లు విప్పానో లెక్కలేదు గానీ, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రంపానికి రెండు మూతలుంటాయి. ఒకటి ఆయిలు కలిపిన పెట్రోలుకు. రెండోది, తిరిగే గొలుసు మీదికి చుక్కచుక్కగా కారే ఆయిలుకు. కథంతా ఈ రెండు మూతల దగ్గరే ఉంది.

మూడో ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. మొగల్తూరు అవతల సముద్రానికి దగ్గరగా ఒక డ్రెయిను మీద మాకు తలుపుల తూము ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు లోపలికి రాకుండా తలుపులు దించుతారు. పాటు తీసి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఎత్తుతారు, పొలాల నీరు సముద్రంలోకి పోతుంది. రెండో రోజు రాత్రి గాలికి గట్టు మీది నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి, సరిగ్గా ఆ తలుపుల మీదికి ఒరిగింది. నీటి ఒత్తిడికి మాను తూము రాతి దిమ్మలకు అతుక్కుపోయింది. ఒక్క తలుపూ కదలడం లేదు.

తెల్లవారి జీపులో రంపం వేసుకుని వెళ్ళి ఆ చెట్టును చూశాను. ముగ్గురు చేతులు చాచి పట్టుకున్నా అందని మాను. దాని వెనక కనుచూపు మేర ఒకటే నీళ్ళు. ఆ నీళ్ళ కింద కోతకు వచ్చిన సార్వా వరిచేలున్నాయి. కంకి మూడు రోజులు మునిగి ఉంటే గింజ మొలకెత్తుతుంది. అప్పటికే రెండు రోజులయ్యాయి.

ఆ తూము లస్కరు సూరయ్య గారు. లస్కరంటే నీటిమట్టం రాసి, తలుపులు ఎత్తి దించే మనిషి. యాభై దాటిన వయసు, బక్క పలచని ఒళ్ళు. తడిసిన తువ్వాలు నెత్తిన వేసుకుని, నీళ్ళ వైపు చెయ్యి చాపి, “అదిగోనండి మేస్త్రీ గారూ, ఆ తాటిచెట్టు కిందదే మాది. రెండెకరాలు కౌలుకి చేస్తన్నానండి,” అన్నారు. తాటిచెట్టు కనిపించింది. దాని కింద నీళ్ళు తప్ప మరేమీ లేవు. ఆయన గొంతులో ఏడుపు లేదు.

పాటు తొమ్మిదికి మొదలై మూడింటిదాకా ఉంటుందని ఆయనే చెప్పారు. ఆలోపు తలుపు లేస్తేనే నీరు పోతుంది.

గంటన్నరలో కొమ్మలన్నీ కొట్టేశాను. మానులో ఏదో పాత మేకు తగిలి గొలుసు పళ్ళు మొద్దుబారాయి, కలిపి తెచ్చిన పెట్రోలూ అయిపోయింది. నేను గొలుసు విప్పి ఆకురాయితో పళ్ళకు పదును పెడుతూ, సూరయ్య గారికి పెట్రోలు డబ్బా, ఆయిలు సీసా చూపించి పొయ్యమన్నాను. పని తెమిలాక అడిగాను, “ఆయిలు పోశారా?” అని.

“ఆయ్,” అన్నారు.

గోదావరి జిల్లాలకు వచ్చినవాడు మొదట నేర్చుకునేది గారు, చివర నేర్చుకునేది మర్యాదగా అవుననే ఈ ఆయ్. నాకు గారు వచ్చింది, ఆయ్ ఇంకా రాలేదు. గొలుసు బిగించి స్టార్టరు తాడు లాగాను.

రంపం అంతకు ముందుకంటే చురుగ్గా పలికింది. రోజూ వచ్చే నీలి పొగ లేదు. ఇవాళ ఎంత శుభ్రంగా నడుస్తోందో అని మురిసిపోయాను కూడా. పొగ లేదంటే ఆయిలు లేదనే సంగతి, ఊరందరికీ పాఠాలు చెప్పే నాకు తట్టలేదు. నాలుగు నిమిషాలకు గొంతు సన్నబడింది, ఒక్క కీచు అరుపుతో ఆగిపోయింది. తాడు లాగితే రాయిలా ఉంది. పిస్టను పట్టేసింది.

ఏం పోశారని అడిగితే సూరయ్య గారు అంతే నిదానంగా చెప్పారు. “రెండు మూతలున్నాయి కదండీ. పెట్రోలుదాంట్లో పెట్రోలు, ఆయిలుదాంట్లో ఆయిలు పోసేనండి.” ఆయన అబద్ధం చెప్పలేదు, తప్పుగా ఆలోచించనూ లేదు. రెండు మూతలు చూసిన ఏ బుద్ధిమంతుడైనా అలాగే పోస్తాడు. కోపం తెచ్చుకుందామన్నా ఆయన మీదికి రాలేదు, నా మీదికే తిరిగింది.

పదకొండు దాటింది. తూము పక్కనున్న రేకుల షెడ్డులో రంపం విప్పాను. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో ఆయిలు పోసి నానబెట్టి, తాడును అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే అరగంటకు పిస్టను వదిలింది. సిలిండరు తీసి చూస్తే పిస్టను పక్కన నిలువునా గీతలు, కరిగి అంటుకున్న అల్యూమినియం. సన్న గరుకు కాగితంతో దాన్ని రుద్ది తీశాను. బిగుసుకున్న రింగును విడిపించాను. చివరికి సిలిండరు కింది కాగితపు గాస్కెట్ చిరిగిపోయింది. అది లేకపోతే గాలి లీకయి ఇంజను నడవదు. విడిభాగాలుండే మా పెద్ద వర్క్‌షాపు నలభై మైళ్ళ దూరం.

సూరయ్య గారు లోపలికి వెళ్ళి తన గేజి పుస్తకం తెచ్చారు. గంటగంటకూ నీటిమట్టం రాసే సర్కారీ రిజిస్టరు అది. కాగితం పోతే లస్కరు ఉద్యోగానికే ముప్పు. నేను వద్దనేలోపే వెనక అట్ట చింపి నా చేతిలో పెట్టారు. ఆ అట్టను సిలిండరు కొలతకు కత్తిరించి, గ్రీజు రాసి బిగించాను. ఈసారి పెట్రోలు నేనే కలిపాను, సీసా వెలుగుకెత్తి కొలత చూసుకుని మరీ.

ఒకటిన్నరకు రంపం లేచింది. నీలి పొగ కమ్ముకొచ్చింది. పొగను చూసి అంత సంతోషపడ్డ మెకానిక్ ఇంకొకడు ఉండడు.

ఎగువ వైపు నుంచి కోత పెట్టబోతుంటే సూరయ్య గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. మాను మీద అరచెయ్యి ఆనించి, ఒక పక్క ముడతలు పడిన బెరడు, రెండో పక్క సన్నగా నెర్రెలిచ్చిన బెరడు చూపించారు. “ఇటు ముడుచుకుంటందండి. ఇటే కోస్తే మిషన్ని పట్టేస్తదండి. పైపైన గాటు పెట్టి, అటునుంచి దింపండి.” నీటి ఒత్తిడికి మాను ఎటు వంగుతోందో, ఎటు సాగుతోందో ఆయన చేతికి తెలుస్తోంది. నాకు ఇంజను గొంతు తెలుసు, ఆయనకు మాను ఒళ్ళు తెలుసు. దిమ్మ మీద నడుముకు తాడు కట్టుకుని, ఆయన చెప్పినట్టే కోశాను.

రెండుంపావుకు లోపల ఎక్కడో పెద్ద చప్పుడైంది. కోత నోరు తెరుచుకుని మాను రెండు ముక్కలైంది. ఒక ముక్క పక్కకు తిరిగి గట్టుకు తగులుకుంది. సూరయ్య గారు అప్పటికే తలుపులెత్తే చక్రం దగ్గరున్నారు. మొదటి తలుపు లేచేసరికి నీళ్ళు చేసిన గర్జన నేనెన్నడూ వినలేదు. కాళ్ళ కింద రాతికట్టడం వణికింది. నేను దండం పెట్టానట. జీపు డ్రైవరు చెబితేనే తెలిసింది.

మూడింటికి పోటు తిరిగింది, తలుపులు దించాల్సి వచ్చింది. దొరికింది ముప్పావు గంట పాటు మాత్రమే. మిగతా నీరు తర్వాతి పాట్లలో పోయింది.

లాగ్‌బుక్కులో ఇంజను పట్టేయడానికి కారణం రాసే గడి ఉంటుంది. లస్కరు పొరపాటని రాద్దామా అని మా సెక్షన్ ఆఫీసరు అడిగారు. ఇంధనం సరిచూసుకోవడం మిషన్ పట్టినవాడి బాధ్యత అని చెప్పి, “మెకానిక్ ఇంధనం పరీక్షించలేదు” అని రాసి సంతకం పెట్టాను. గేజి పుస్తకం అట్ట ఎందుకు తీశామో కూడా ఆ కిందే రాశాను.

పుష్యంలో తలుపుల మరలకు గ్రీజు పెట్టడానికి మళ్ళీ ఆ తూముకు వెళ్ళాను. “పంట దక్కిందా సూరయ్య గారూ?” అని అడిగాను.

“ఆయ్,” అన్నారు.

అంతకు ముందైతే సంతోషించి పనిలో పడేవాడిని. ఆగి మళ్ళీ అడిగాను, “ఎన్ని బస్తాలండి?”

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. “యాభై రావాలండి. ముప్పై ఒకటి వచ్చినయ్యండి.”

“ఆ రోజు పాటు మొత్తం దొరికుంటే?”

ఆయన తలుపుల వైపు చూశారు. “ఇంకో పదైనా నిలిచేవండి,” అన్నారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నా కింద పనిచేసినవాళ్ళకు ఇదే నేర్పాను. “ఆయిలు పోశావా” అని అడగకూడదు. “ఎంత పోశావు, దేంట్లో పోశావు” అని అడగాలి. ఆయ్ అనడానికి వీల్లేని ప్రశ్న వెయ్యడం అడిగేవాడి పని. అడిగినదానికి నిజం చెప్పడం ఎదుటివాడి పని. సూరయ్య గారు తన పని రెండుసార్లూ చేశారు.