అన్‌ఫిట్ అయితే, కాకపోతే

మొన్న మా అక్క కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టింది. కాలేజీలో మొదటేడు, ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలైందట. “మామా, నువ్వు గూడ సదివినవట గదా, గీ ఎర్రగీత ఎందుకొస్తుందో జెర చూడు” అంది. చదివిన మాట నిజమే. గోదావరిఖనిలో కిరాణం కొట్టు మీద పెరిగినవాణ్ణి, బేరమాడకుండా ఏదీ ఒప్పుకొని ఎరుగను. కాలేజీ రోజుల్లో ల్యాబ్‌లోనూ అదే ధోరణి. “మర్శింది ఒక్క సెమికోలనే గద సార్, చూసీ చూడనట్టు పోనియ్యరాదా?” అంటే, “నాతో కాదు, దాంతో మాట్లాడుకో” అని సారు కంప్యూటర్ చూపించారు. అంత మొండి వ్యాపారి నాకు ఎదురుపడటం అదే మొదలు.

ఇద్దరికొక కంప్యూటర్. నా జోడీ బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. వాళ్ల బాపు మా దుకాణానికొస్తే ముందు బియ్యం బస్తా మీద కూర్చుని ఊపిరి కూడదీసుకునేవాడు, సరుకు చెప్పడం ఆ తర్వాతే. ఆ ఏడు ఆయన వైద్యపరీక్షకు బొగ్గు కంపెనీ డాక్టర్ల ముందుకు వెళ్లాల్సి ఉంది. వాళ్లు ‘అన్‌ఫిట్’ అని రాస్తే తండ్రి ఇంటిపట్టునుంటాడు, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అందుకే మా ఊళ్లో ఆ మాట శుభవార్త. అది విన్న ఇంటివాళ్లు మిఠాయికి చక్కెర, నెయ్యి మా దగ్గరే కొనేవారు. ఎవరి దగ్గు ఎంత ముదిరిందో విని ముందుగానే సరుకు తెప్పించేంత గడుసుతనం మాది.

ఇఫ్, ఎల్స్, అంటే ‘అయితే, కాకపోతే’ పాఠం రోజున ఎవరింటి సంగతి వాళ్లు ప్రోగ్రామ్‌గా రాయమన్నారు సారు. మావాడు, అన్‌ఫిట్ అయితే బాపు ఇంట్లో ఉంటాడని రాసి ఆపేశాడు.

“ఎల్స్ ఏదయ్యా? కాకపోతే?” అన్నారు సారు. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి.

“కాకపోవుడు లేదు సార్. అయితది.”

డాక్టర్లు ఏం రాశారో తెలిసిన రోజు వాడు క్లాసుకు ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏమైందని సారు అడిగారు.

“బాపు ఫిట్టట సార్.”

సారు ముఖం వెలిగిపోయింది. “ఎంత చల్లని మాట చెప్పావయ్యా! ఇంకా దిగులెందుకు?” అంటూ వాడి చెయ్యి పట్టుకుని ఊపారు. సగం క్లాసు బాయి పనివాళ్ల పిల్లలే, ఆ మాటకు అర్థమేంటో వాళ్లందరికీ తెలుసు. మర్యాదకు వెనక్కి తీసుకోలేక వాడు తన చేతిని ఆయన చేతిలోనే అట్లాగే ఉంచేశాడు. వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లగా, “గట్ల కాదు సార్...” అన్నారు.

బయటికొచ్చాక నాకు తెలిసిన విద్యే ప్రయోగించాను. “డాక్టర్లను ఇంకోపారి అడుగుదాంరా, ఒప్పుకోకుంటే మల్లా అడుగుదాం.”

“గది నీ దుకాణమనుకున్నవారా?” అన్నాడు వాడు.

తండ్రి మళ్లీ డ్యూటీకి దిగాడు. వానలు ముదిరాక ఒకరోజు పని ముగించుకుని బాయిలోంచి పైకి నడిచొస్తూ, దమ్ము తీసుకుంటానని కూర్చున్నవాడు మరి లేవలేదు. ఆయన స్థానంలో ఉద్యోగం కొడుక్కే వచ్చింది. సారు మాతోపాటు ఆ ఇంటికి వచ్చారు. వాడి తల్లి ముందు చేతులు జోడించి కూర్చున్నారు. సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వచ్చిన రోజు మావాడు నా భుజం తట్టి, “సదువుకో బావా, నాకు డ్యూటీ పడ్డది” అన్నాడు.

ఆ వానకాలం నాకు ఒక సెమిస్టరు. పరీక్ష రాశాను, గట్టెక్కాను. అదే వానకాలం ఆ ఇంట్లో మాత్రం, తండ్రి డ్యూటీకి లేచిన వేళకే కొడుకును లేపడం మొదలుపెట్టింది.