పేట బావిగట్టు మీద లాటిన్ మాట

కల్లూరులో మా చిన్నోడి కొత్త ఇంటి ముందర, పొద్దంతా ఎండకు కాగిన కడప బండల మీద కోడలు నీళ్లు చల్లితే లేచే వాసన నన్ను నేరుగా మా పేట బావిగట్టు మీదికి లాక్కుపోతుంది.

అంటరానివాళ్లమని ఊరి బావి గట్టు మమ్మల్ని ఎక్కనియ్యని కాలం. మా ఆడవాళ్లు కుండలు పెట్టుకుని దూరంగా నిలబడితే, ఎవరికైనా దయ పుట్టినప్పుడు నీళ్లు పోసేవాళ్లు. అది చూడలేక, జొన్న సంగటి గోంగూరతో తిని చెమటలు కక్కుతూ మాలో ఒకడైపోయిన ముసలి విదేశీ ఫాదరు, మా మగవాళ్లతో కలిసి రాయి పగలగొట్టి మా పేటలోని ఏసు గుడి ఆవరణలోనే బావి తవ్వించాడు.

ఒక ఎండాకాలం ఊరి బావి అడుగంటింది. మా బావిలో మాత్రం నీళ్లున్నాయి. తాసీల్దారు జీపులో వచ్చి ఊరికి నీళ్లిమ్మన్నాడు. వెనకే వచ్చిన ఊరి పెద్దలు తమకు వేరే గిలక కావాలన్నారు. గిలక ఒకటే, తాడు ఒకటే, ముందొచ్చినవాళ్లు ముందు తోడుకోవాలి, కాదంటే లేదన్నాడు ఫాదరు. చివరికి వాళ్లలో పెద్దవాడైన రెడ్డి సరేనని తలాడించాడు. గట్టు మీదే తాసీల్దారూ ఫాదరూ చేతులు కలిపారు.

అప్పటికి పిల్లోణ్ణి నేను, ఇది చట్టమా సామీ అని ఫాదరును అడిగాను. ఆయన నా రొమ్ము మీద చెయ్యి పెట్టాడు.

"చట్టం గాదప్పా. రోములో గుడికీ రాజ్యానికీ ఒప్పందం కుదిరితే కొంకోర్దాతుం అంటారు. లాటిన్ మాట. కోర్ అంటే గుండె. గుండెలు ఒగచోట చేరినాయని."

రాజులూ పోపులూ ఒప్పుకున్న మాట మా బావిగట్టు మీదికి దిగొచ్చిందని నాకు ఒళ్లు జలదరించింది.

తెల్లారి ఊరి ఆడవాళ్లు ఇత్తడి బిందెలతో వచ్చారు. వాళ్లను చూడగానే మా వాళ్లంతా, మా అమ్మతో సహా, గట్టు దిగి దూరంగా పోయి నిలబడ్డారు. మా బావి దగ్గరే! పొమ్మన్నవాళ్లు లేరు. కాళ్లకు అలవాటు. ఊరివాళ్లూ అలవాటుగానే గట్టెక్కారు. గుడి వసారాలో నిలబడి చూస్తున్న ఫాదరు మొహం పాలిపోయింది. నిన్నటి మాట ఆ పొద్దే చచ్చిపోయేట్టుంది.

సరిగా కళ్లు కనిపించని మా అవ్వ ఒక్కతే దిగలేదు. తాడు పట్టుకునే ఉంది.

"గిలక ఒగటే ఉండాది రెడ్డమ్మా. నేను తోడినాక తోడుకుందువు, రోంతసేపు నిలబడు. నా పక్కన నిలబడితే కాళ్లు నొస్తాయా?"

రెడ్డి భార్య బిందె చంకలో పెట్టుకుని అవ్వను తేరిపార చూసింది.

"బావులన్నీ ఎండినా నీ నోరు ఎండలేదే ముసిల్దానా," అంది. అని, నిలబడింది.

అవ్వ చేద పైకొచ్చేదాకా గిలక కిర్రుమంటూనే ఉంది. అమ్మ తిరిగి గట్టెక్కింది. అంత పెద్ద సంగతి నేను మళ్లీ చూడలేదు.

బడి ఐదో తరగతితో ఆగినా, కడప ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువులు కొని చదువుకున్నాను. ఫాదరు చెప్పిన ఆ మాట ఇంగ్లీషులో కాంకార్డాట్, అంటే పోపుకూ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందమట. అంతే రాశారు! అందులో గుండె ఉందని చెప్పడానికి వాళ్లకు ఒక్క పంక్తి చోటు దొరకలేదా?

మొన్న మా పల్లెకు పోయొచ్చాను. బావి పూడ్చేశారు. ఊళ్లో ఒక ట్యాంకు, పేటలో ఒక ట్యాంకు. ఎవరి కొళాయి కింద వాళ్లు బిందె పెట్టుకుంటున్నారు. నీళ్లకు కొదవ లేదు. రెడ్డిగారి ఇంటి ఆడమనిషి మా వాళ్ల వెనక వంతు కోసం నిలబడే చోటు మాత్రం ఆ పల్లెలో ఇప్పుడు యాడా లేదు.