గొంతులో లేని సింధూరం

కరోనా తగ్గి ఊళ్ళలో పౌరాణిక నాటకాలు మళ్ళీ మొదలైన ఏడాది అది. కర్ణాటక సరిహద్దు ఊరు చింతామణిలోని నా చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌కు కెంచార్లహళ్ళి నుంచి నారాయణప్ప వచ్చాడు. దుర్యోధనుడి వేషానికి పేరున్నవాడు. గొంతు దాదాపు పోయింది. పట్టుబట్టి అతన్ని తీసుకొచ్చింది రాజ్యలక్ష్మి. గుంటూరు వైపు నుంచి ద్రౌపది వేషానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, బెంగళూరు సీరియళ్ళలో తల్లి పాత్రల దాకా ఎదిగిన నటి.

"ఈయమ్మ ఆకువక్కలో సింధూరం పెట్టినాది సార్. అందరూ అంటాండారు," అన్నాడతను బొంగురుగా.

తోటి నటుడి గొంతు తీయడానికి తాంబూలంలో సింధూరం కలుపుతారన్నది నాటకాలవాళ్ళ పాత నమ్మకం.

"నువ్వు చూసినావా అప్పా?"

"చూసేటట్ల పెడతారా సార్?"

"ఆ మాట పుట్టాక నన్ను ఒక్క నాటకానికీ పిలవడం లేదు డాక్టరు గారూ," అంది రాజ్యలక్ష్మి. "బయటి ఊరి నుంచి వచ్చినదాన్ని కదా, తేలిగ్గా నమ్మేశారు. లోపల ఏముందో మీరే చూడండి."

ల్యారింగోస్కోపీ చేశాను, అంటే సన్నని కెమెరాతో స్వరపేటికను చూడటం. రెండు స్వరతంత్రుల మీదా ఎదురెదురుగా గట్టి బుడిపెలు. వీటిని వోకల్ నాడ్యూల్స్ అంటారు. ఏళ్ళ తరబడి గొంతు చించుకుని పద్యాలు ఎత్తుకునేవారికి వస్తాయి. సింధూరంలో విషలోహాలు ఉండవచ్చు, హానీ చేయవచ్చు. కాని ఆ హాని ఈ రూపంలో ఉండదు. ఇద్దరికీ తెర మీద చూపించాను. వాయిస్ రెస్ట్, అంటే కొన్నాళ్ళు పూర్తి మౌనం, పాటించమన్నాను.

"ముందు మీ నాటక మేళం వాళ్ళకు ఈ సంగతి చెప్పు," అన్నాను నారాయణప్పతో.

"మాట్లాడొద్దని మీరే చెప్తిరి కదా సార్."

"నింద వేయడానికి ఉన్న గొంతు, తీయడానికి లేదా? పోనీ, నన్ను చెప్పమంటావా?"

తల అడ్డంగా ఊపాడు. రోగి ఒప్పుకోనిదే అతని జబ్బు బయటపెట్టే హక్కు నాకు లేదు.

"వేషం తీసినా దుర్యోధనుడు దిగలేదండీ మీకు," అని రాజ్యలక్ష్మి లేచి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు అతని గొంతు తిరిగివచ్చింది. బాగేపల్లిలో నాటకం ఆడిన మర్నాడు, మేళం పెద్ద అతన్ని వెంటబెట్టుకుని స్వీట్లు తెచ్చాడు. "ఆయమ్మ పెట్టిన సింధూరాన్ని విరిచేసినారు సార్. మీ చెయ్యి మంచిది."

నా వైద్యమే ఆమె నేరానికి సాక్ష్యమైంది. నారాయణప్ప పక్కనే నిలబడి నేల చూశాడు. ఇప్పుడు గొంతు ఉంది; నోరు లేదు. స్వీట్లు తిప్పి పంపేశాను. రాజ్యలక్ష్మి మళ్ళీ ద్రౌపది వేషం వేయలేదు.

జబ్బు నయమైతే అబద్ధం దానంతటదే పోతుందనుకున్నాను. పోదు, ఆరోగ్యంగా, గొంతెత్తి తిరుగుతుంది. ఇప్పుడు ఎవరైనా నిందతో కలిపి జబ్బు తెస్తే, ఆ నిందను నమ్మి ఊళ్ళో చాటేవాళ్ళను కూడా గదిలోకి రానిమ్మని రోగిని ముందే అడుగుతాను. ఒప్పుకునేవారు తక్కువ. అయినా అడుగుతాను.