పప్పు ఉడికే నీళ్లు

పోలెండు పేరులోనే పోలిక ఉంది. అందుకని ఆ దేశపు మనిషిని ఇంకొకరి పక్కన పెట్టి చూడకుండా ఉండటం నా చేత కాలేదు. ఆ ఇంకొకరు స్కాట్లండు ఆయన. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం ఇద్దరూ మర్రిగూడ దగ్గరి మా ఊరికి నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చారు. ఆమె రసాయనాలు తెలిసిన మనిషి, ఆయన ఎముకల డాక్టరు, మా మాటలో బొక్కల డాక్టరు. ఆమె మా ముందరి అర్రలో, ఆయన బడిలో పడుకునేవారు. తిండి మాత్రం ఇద్దరికీ మా ఇంట్లోనే. నేను ఆ బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణే గాని మాట్లాడేవాణ్ణి కాదు. ఆ రెండింటికీ తేడా ఉందని ఊళ్లో ఎవరికీ అనుమానం రాకపోవడం వల్ల దుబాసి పని నా మెడకు చుట్టుకుంది.

మెడ సంగతికొస్తే, మా అమ్మ మెడ అప్పటికే బిగుసుకుపోయింది. తల పైకి లేవదు. మబ్బు పట్టిందా లేదా అన్నది మమ్మల్ని అడిగి తెలుసుకునేది. పక్కింటి పిల్ల కాళ్లు కొడవళ్లలా వంగి, గోడ పట్టుకుని నడిచేది. మా భయమంతా మా బిడ్డ గురించి. దానికి ఐదేళ్లు. ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి. పొద్దుగూకితే మోకాళ్లు గుంజుతున్నాయని ఏడ్చేది. ఆ ఏడుపు చివరికి ఎక్కడ తేలుతుందో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. నీళ్లు చెడ్డవనీ తెలుసు. ఏ నీళ్లు తక్కువ చెడ్డవో ఒక్కటే తెలియదు.

అది తెలుసునని మా అమ్మ నమ్మకం. ఊరి నడుమ ఉన్నది ఉప్పు బాయి. దాని నీళ్లలో కందిపప్పు ఎంత సేపు పొయ్యి మీద ఉన్నా గులకరాళ్లలా చప్పుడు చేస్తూనే ఉంటుంది. గుట్ట కింది బోరింగు నీళ్లు తియ్యగా ఉంటాయి. వాటిలో పప్పు వెన్నలా ఉడుకుతుంది. పప్పు ఉడికితే మంచి నీళ్లు, ఉడకకపోతే చెడ్డ నీళ్లు. మా అమ్మకు వాళ్లమ్మ చెప్పిన పరీక్ష అది, ఊరంతటికీ అదే పరీక్ష. మనవరాలు పుట్టినప్పటి నుంచీ అమ్మ గుట్ట కిందికి పోయి, నెత్తి మీద మోయలేక బిందెను నడుముకు ఎత్తుకుని తెచ్చేది. ఆ బిందె జోలికి నేను పోతే కసిరేది.

"నీకేమైతదిరా, ముదిరిన బొక్కలు. గవి బిడ్డకు."

వచ్చిన ఇద్దరి పోలికలు తిండి దగ్గర మొదలయ్యాయి. మొదటి పొద్దున నా భార్య జొన్నరవ్వ ఉడికించి గట్క పెట్టింది. స్కాట్లండు ఆయన దాన్ని చూసి చాలా రోజులకు సొంత ఊరివాడు కనబడినట్టు చూశాడు. వాళ్ల దగ్గరా ఇదేనట, గింజ వేరు. ఉప్పు అడిగి, నిలబడి తిన్నాడు. వాళ్ల తాత నిలబడే తినేవాడట. పోలెండు ఆమె అంబలి తాగి మొహం చిట్లించింది. పులుపు చాలలేదట. వాళ్లు రొట్టె పిండిని రోజుల తరబడి పులియబెట్టి చారు కాస్తారట. "ఓపిక లేని వంట" అని మా అంబలికి పేరు పెట్టింది. తర్వాత మా అమ్మను జాడీ అడిగి తీసుకుని, క్యాబేజీ తరిగి, ఉప్పు వేసి తొక్కి, పైన రాయి పెట్టింది. అమ్మ ఆ జాడీ దగ్గరికి పోయినప్పుడల్లా ముక్కు మూసుకునేది.

"తొక్కు పెడుతుందా, కుళ్లబెడుతుందా, అడుగురా."

"రెండూ ఒకటేనట అమ్మా."

ఒక ఆదివారం బోటి వండితే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. గొర్రె పొట్టలో కార్జం, గుండె, గింజలు కూరి ఉడికించడం మా జాతి వంట అని ఆయన. పొట్టను సన్నగా కోసి చారులో వేయడమే నాగరికత అని ఆమె. ఈ గొడవ తెలుగులోకి ఎట్లా తేవాలో తెలియక, "ఇద్దరూ బోటి తినేటోళ్లేనట" అన్నాను. అమ్మకు వాళ్ల మీద ఉన్న అనుమానాలన్నీ ఆ పూటతో పోయాయి. "అయితే మనోళ్లే," అని ఇంకో గంటె వేసింది.

మాట దగ్గర మాత్రం ఇద్దరూ చెరో కొస. బాగున్నారా అని అడగడం మాకు మర్యాద, పోలెండు ఆమెకు అది ప్రశ్న. నిద్ర పట్టలేదు, నడుము నొప్పి, మా దేశంలో కొత్త ప్రభుత్వం కూడా పాతదాని లాగే ఉండబోతుంది అని నిలబెట్టి జవాబు చెప్పేది. స్కాట్లండు ఆయనకు అన్నీ "చెడ్డగా లేదు". నా భార్య పెద్ద పండుగకు చేసినట్టు నాటుకోడి కూర చేస్తే దానికీ అదే మాట. అది వాళ్ల దగ్గర అన్నిటికన్నా పెద్ద మెప్పు అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మా అవ్వగారింట్ల గిట్లంటే గంజు బోర్లిద్దురు," అంది నా భార్య.

ఇద్దరికీ పక్కన పెద్ద దేశం ఉంది, ఇద్దరికీ దాని మీద మంట ఉంది. ఆమె ఆ మంటను పైకే కక్కేది. ఆయన దాన్ని హాస్యంలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. మా జిల్లా అంచునే కృష్ణ పారుతుందని, మా ఊరి వైపు చుక్క రాదని చెప్పినప్పుడు ఆమె బల్ల గుద్ది "కొట్లాడండి" అంది. ఆయన చాయ్ కలుపుతూ "అర్జీ పెట్టారా?" అన్నాడు. కొట్లాడినవాళ్లూ, అర్జీ పెట్టినవాళ్లూ ఆ సాయంత్రం మా ఇంటి ముందు నుంచే వంగి నడుచుకుంటూ పోయారు.

బావులన్నీ అయ్యాక చివరికి గుట్ట కింది బోరింగు వంతు వచ్చింది. అమ్మ తానే బిందె తెచ్చి ముందు పెట్టింది. పరీక్షకు పిల్లను పంపే తల్లిలా ఉంది, మార్కుల గురించి బెంగ లేదు. ఉప్పు బాయి నీళ్లు ఒక సీసాలో, బోరింగు నీళ్లు ఇంకో సీసాలో పోసి పోలెండు ఆమె రెండిట్లోనూ ఎర్ర మందు చుక్కలు వేసింది. ఫ్లోరైడు అనే విషం ఎంత ఉంటే ఎరుపు అంతగా వెలిసిపోతుందని మాకు ముందే చెప్పింది. ఉప్పు బాయి సీసాలో ఎరుపు కొంచెం పలచబడి నిలిచింది. బోరింగు సీసాలో అది చూస్తుండగానే పూర్తిగా వెలిసిపోయింది.

స్కాట్లండు ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ నీళ్లు మనం ఆశించినంత..." అని ఆగి, "బహుశా ఇంకొకసారి..." అని ఆగాడు. నీళ్లు నమలడం అనే మాటకు అర్థం నాకు ఆ పూట కళ్లకు కట్టింది. పోలెండు ఆమె నమలలేదు.

"అన్నిటికన్నా చెడ్డవి ఇవే. పాప ఇక ఒక్క గ్లాసు కూడా తాగకూడదు."

"ఏమంటుంది కొడుకా?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ నవ్వింది.

"నీకు సమజ్ గాలే. నీ ఇంగ్లీషు నాకెర్క లేదా? మల్ల అడుగు."

మళ్లీ అడిగాను. నా ఇంగ్లీషు తప్పు కావాలని నేను కోరుకున్న రోజు అదొక్కటే. తప్పు కాలేదు.

"ఇసం నీళ్లల్ల పప్పు గట్ల ఉడుకుతదారా? గదడుగు."

పోలెండు ఆమె జవాబు చెప్పడానికి అమ్మ మొహంలోకి చూడబోయింది. అమ్మ తల ఎత్తలేదు కాబట్టి, తానే నేల మీద కూర్చుని చూసింది. నీళ్లలో సున్నం ఉంటే పప్పు గట్టిపడుతుందట. సున్నం తక్కువగా ఉన్న నీళ్లలోకే రాతిలోని విషం ఎక్కువగా దిగుతుందట. ఈ ఊళ్లో పప్పు మెత్తగా ఉడికిందంటే, భయపడాల్సింది అందుకేనట.

దాన్ని తెలుగులో చెప్పడానికి నాకు మాటలు దొరక్కపోతే బాగుండేది. అన్నీ దొరికాయి.

అమ్మ బిందెనే చూస్తూ, "అంటే నేనే తాపిన్నా?" అంది.

స్కాట్లండు ఆయన ఈసారి నమలకుండా ఒక్క మాట అన్నాడు. "ఈమె చోట మా అమ్మ ఉన్నా ఇదే చేసేది."

అది చెప్పాను. "ఆయన తల్లికి గుట్ట కింద బోరింగు లేకపాయె," అంది అమ్మ, బిందె ఎత్తుకుని పెరట్లోకి పోయింది. గోడ అవతల నీళ్లు ఒంపిన చప్పుడు వినబడింది. మా ఊళ్లో ఎండాకాలంలో అలాంటి చప్పుడు ఎన్నడూ వినలేదు.

బిడ్డను హుజూర్‌నగర్‌లో మా బామ్మర్ది ఇంట్లో ఉంచాలని అనుకున్నాం. అక్కడివి కృష్ణ కాలువ నీళ్లు. బిడ్డ బొక్కలకు ఇప్పటికే పట్టింది పోతుందా అని అడిగితే స్కాట్లండు ఆయన "ఆశ ఉంది" అన్నాడు, ఆమె "తెలియదు" అంది. నా భార్య ఇద్దరినీ విని, బిడ్డ లంగాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. దించి రావడానికి నేను పోతుంటే అమ్మ కూడా బయల్దేరింది.

వాళ్ల పనీ అయిపోవడంతో నార్కట్‌పల్లి దాకా అందరం ఒకే బస్సు. హైదరాబాదు బస్సు ఎక్కేముందు ఆయన నా చెయ్యి పట్టి ఊపి వదిలేశాడు. ఆమె బస్టాండు నడుమ నా రెండు చెంపల మీదా ముద్దుపెట్టింది. చాయ్ హోటల్ మొత్తం లేచి నిలబడింది. ఇంకో రోజైతే ఆ సంగతి చెప్పుకుని ఏడాది బతికేవాణ్ణి. బిడ్డ అప్పుడే దూప అంది. అమ్మ ఎప్పుడు ప్రయాణమైనా వెంట నీళ్లు లేకుండా గడప దాటేది కాదు. ఆ రోజు చేతులు ఉత్తగా ఉన్నాయి. గోలి సోడా తాపించాను.

హుజూర్‌నగర్ చేరేసరికి బామ్మర్ది భార్య పొయ్యి అంటిస్తోంది. "మీరు కూసోండ్రి పెద్దమ్మా" అన్నా వినకుండా అమ్మ కందిపప్పు కడిగి, కాలువ నీళ్లు పోసి, తానే పొయ్యి ముందు కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. బిడ్డకు కొత్త ఇల్లు నచ్చింది, పళ్లెం తెచ్చుకుని అమ్మ పక్కన చేరింది.

పప్పు పొంగింది. అమ్మ గంటెతో ఒక గింజ తీసి, వేళ్ల నడుమ పెట్టి నొక్కింది. గింజ లేదు, వేళ్లకు పసుపు మాత్రం అంటుకుంది.

"కొడుకా," అంది, "గీడ గూడ ఉడికింది."

"కృష్ణ నీళ్లమ్మా. గవి వేరు."

"నీకెట్ల ఎర్క? తెల్లామె ఈడికి రాలే గద."

నా దగ్గర ఎర్ర మందు లేదు. ఉన్నదల్లా నా మాట. ఇన్నాళ్లూ ఇంకొకరి మాటలే మోసినవాడి సొంత మాటకు అమ్మ దగ్గర విలువ ఎంతని చెప్పను. నదికీ బోరుకూ తేడా చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను. అమ్మ విన్నట్టే ఉంది.

"అవ్వా, పప్పెయ్యి," అని బిడ్డ పళ్లెం చాపింది.

అమ్మ గంజు మీద మూత పెట్టింది. కాలుతున్న మూత మీద అరచెయ్యి పెట్టి, తీయలేదు.

"జరాగు బిడ్డా," అంది. "జరాగు."