సెన్సర్‌కు పూసిన పసుపు

దసరా తెల్లారి నా ప్రెస్ మెషీన్ పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నాచారంలో స్విచ్ బోర్డులకు రేకు డబ్బాలు చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. తొమ్మిదేళ్ళుగా అదే ప్రెస్ మీద కూర్చుంటున్నాను. రేకు లోపల పెట్టి కాలితో పెడల్ తొక్కితే పైనుంచి డై, అంటే బరువైన ఇనుప అచ్చు, వచ్చి పడుతుంది. చెయ్యి లోపల ఉండగా పడకుండా రెండు పక్కలా రెండు నల్ల కడ్డీలు పెట్టారు. ఒకదాని నుంచి ఇంకోదానికి కనపడని వెలుగు పోతుంటుంది. చెయ్యి అడ్డం వస్తే మెషీన్ ఆగిపోవాలి. దాన్నే సెన్సర్ అంటాం.

మెషీన్ ఎందుకు ఆగిపోతోందో నాకు తెలుసు. ఆయుధపూజ నాడు దాన్ని తుడిచి బొట్లు పెట్టింది నేనే. గడపకు పూసినట్టు ఆ రెండు కడ్డీలకూ పైనుంచి కిందిదాకా పసుపు పూసి కుంకుమ అద్దాను. సెన్సర్ వచ్చాక అదే మొదటి దసరా, పూయకూడదని ఎవరూ చెప్పలేదు. తర్వాత గుడ్డతో ఎంత తుడిచినా సందుల్లో పసుపు వెలుగుకు అడ్డంగా అలాగే ఉండిపోయింది.

మా ఫిట్టర్ మల్లేశం వచ్చి చూసి నవ్వాడు.

"పూజ జేసినవా అక్కా, దాని కండ్లల్ల పసుపు గొట్టినవా?"

"నీ పరాష్కాలు తర్వాత జెయ్యి తమ్మీ. ముందుగాల ఇది నడిచేటట్టు జూడు. సూపర్‌వైజర్ నా పానం తింటుండు" అన్నాను.

అతను మెషీన్ వెనక కరెంటు డబ్బా తెరిచి ఒక వైరు ముక్క కలిపాడు. దాంతో సెన్సర్ ఉన్నా లేనట్టే అయింది. "గీ ఒక్క రోజుకు నడుపు. రేపు పొద్దుగాల సాఫ్ జేసి వైరు తీసేస్త. అందాక చెయ్యి పైలం" అన్నాడు.

"నీ కడుపు సల్లగుండ" అన్నాను. నిజంగా సంతోషపడ్డాను.

మర్నాడు మల్లేశం రాలేదు. బిడ్డకు జ్వరమని సెలవు పెట్టాడు. ఆ సంగతి నాకు తెలియదు. పొద్దుటి నుంచి మెషీన్ ఒక్కసారి కూడా ఆగకపోతే, వచ్చి బాగుచేసి పోయాడనే అనుకున్నాను. పదకొండు గంటలప్పుడు ఒక రేకు అడ్డంగా ఇరుక్కుంది. రోజూ చేసినట్టే చెయ్యి పెట్టి లాగుతూ ముందుకు వంగాను. నా బరువు పెడల్ మీద పడింది.

ముందు నొప్పి తెలియలేదు, చప్పుడే తెలిసింది. చెరకు గడ విరిచినట్టు ఫట్‌మంది. డై పైకి లేచాక చూస్తే నా కుడిచేతి మూడు వేళ్ళు చితికి రేకుకు అతుక్కుని ఉన్నాయి. నెత్తురు నా మొహం మీదికి, పక్క ప్రెస్ మీద పనిచేసే రేణుక మీదికి చిమ్మింది. నేను ఏడవలేదట. ఫ్యాక్టరీలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి బూతులు తిట్టానట. రేణుక తన చున్నీ నా చేతికి చుట్టి, ఆటోలో హబ్సిగూడ దవాఖానాకు తీసుకుపోయింది. దారిలో ప్రతి గతుకుకూ ప్రాణం గొంతులోకి వచ్చింది.

ఎక్స్‌రే తీశారు. "క్రష్ ఇంజురీ అమ్మా" అంది డాక్టరమ్మ. "చూపుడువేలు నిలబెట్టగలం. మిగతా రెండిటికీ బ్లడ్ సప్లై వస్తుందా లేదా చూడాలి."

ఆపరేషన్ చేసి ఎముకల్లోకి కె-వైర్లని సన్నటి ఉక్కు తీగలు గుచ్చారు. మూడో రోజుకు నడిమి వేలు, ఉంగరపు వేలు నేరేడు పండులా నల్లబడ్డాయి. డ్రెస్సింగ్ విప్పితే వాసనకు నేనే మొహం పక్కకు తిప్పుకున్నాను. "నెక్రోసిస్, కండ చచ్చిపోయింది. ఉంచితే ఇన్ఫెక్షన్ చేతిలోకి పాకుతుంది" అంది డాక్టరమ్మ. రెండు వేళ్ళూ తీసేశారు.

ఆ మర్నాడే మల్లేశం వచ్చాడు. "తప్పయిందక్కా. సెలవు పెట్టినప్పుడు వైరు సంగతి ఫోన్ జేసి జెప్పాల్సింది. పొల్ల జొరంల యాదికి రాలే" అన్నాడు. ఎడమ చేత్తో చెంప మీద ఈడ్చి కొట్టాను. చేతికున్న సెలైన్ సూది ఊడివచ్చి దుప్పటంతా నెత్తురైంది. మళ్ళీ కొట్టాను. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. నర్సు వచ్చి నన్ను పట్టుకోకపోతే కళ్ళు పీకేసేదాన్నే.

తర్వాత మేనేజర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఆ వైరు వేసిన సంగతి మీకు ముందే తెలుసా అమ్మా?"

"నాకు తెల్వది సార్. ఆడే నా చెయ్యి దీసిండు" అన్నాను.

అబద్ధం. ఎడమ చేత్తో సంతకం కూడా పెట్టాను. ఆ వారమే మల్లేశాన్ని పనిలోంచి తీసేశారు. నా కడుపు చల్లబడింది, దాచుకోవడమెందుకు.

రెండు నెలలు నరకం చూశాను. కుట్లు చీము పట్టి మళ్ళీ కోశారు. లేని వేళ్ళు మంట మీద పెట్టినట్టు కాలేవి. డాక్టరమ్మను అడిగితే "ఫాంటమ్ పెయిన్, వేలు పోయినా మెదడు మర్చిపోదు" అంది. ఉప్పల్‌లో ఫిజియోథెరపీకి వెళ్ళి రబ్బరు బంతి నొక్కలేక దాన్ని గోడకేసి కొట్టేదాన్ని. ఇంట్లో అన్నం కలుపుకోవడం రాక, ఒకరోజు కంచం మా ఆయన మీదికి విసిరాను. ఆయన నుదురు చిట్లింది. కింద కూర్చుని మెతుకులు ఏరాడు.

అప్పుడు వచ్చింది రేణుక, పీర్జాదిగూడలో మా ఇంటికి. చాలాసేపు కూర్చుని, లేవబోతూ చెప్పింది.

"అక్కా, నా ప్రెస్ పది రోజుల సంది ఒక్కపారన్న ఆగుతలేదు."

రేణుకను మళ్ళీ కూర్చోబెట్టి అడిగాను. "వైరు ఏసిన్రా?"

"ఏమో. మల్లేశమన్నను ఎల్లగొట్టినంక ఎవ్వరు నోరిప్పుతలేరు. ఏసినోడు జెప్పడు. నేను అడిగితే నా మీదికే తెస్తరు."

"మరెందుకు కూసుంటున్నవే దాని మీద?"

"కూసోకుంటే ఇంకెవరో కూసుంటరు" అంది. రేణుక చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయాను. మల్లేశాన్ని పనిలోంచి తీసేయించిన దెబ్బకు ఫ్యాక్టరీ అంతా నోరు మూసుకుందని, ఇప్పుడు దీని చెయ్యి పోతే అది నేను తీసినట్టేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున కట్టుకట్టిన చేత్తోనే ఫ్యాక్టరీకి పోయాను. నేరుగా రేణుక ప్రెస్ దగ్గరికి వెళ్ళి "లే" అన్నాను. ప్యాకింగ్ దగ్గర ఒక పొడుగాటి చెక్క బద్ద దొరికింది. మేనేజర్‌ను కేకేసి పిలిచాను. అందరూ చూస్తుండగా చేతులు దూరంగా ఉంచి, బద్ద కొసను సెన్సర్ మధ్యలోంచి లోపలికి పెట్టి పెడల్ తొక్కాను.

డై పడింది. బద్ద ఫెళ్ళున విరిగింది. ఒక పేడు ఎగిరి మేనేజర్ కాళ్ళ దగ్గర పడింది.

"ఆగిందా సార్?" అన్నాను. "నా మెషీన్ల వైరు ఏసింది నాకెరుక. నడిచేటట్టు జెయ్యుమని ఎంటబడ్డది నేనే. ఏసినందుకు దీవించిన గూడ. మీకు అబద్ధం జెప్పిన."

రేణుక నేలమీద కూలబడి ఏడ్చింది. ఆ మధ్యాహ్నం ప్రెస్‌లన్నిటి డబ్బాలూ తెరిస్తే ఇంకో రెండిట్లో వైర్లు దొరికాయి. ఎవరు వేశారని మేనేజర్ అడగబోయి మానుకున్నాడు. ఇకమీద వైరు వేసినవాళ్ళు ఆ పూటే చెబితే ఏమీ అననని అందరి ముందూ మాటిచ్చాడు. మల్లేశాన్ని మళ్ళీ పిలిపించారు గాని అతను రాలేదు. క్షమించమని అడగడానికి లాలాపేట్‌లో వాళ్ళింటికి వెళ్తే, అతని భార్య నా మొహం మీదే తలుపు వేసింది. నాకు కోపం రాలేదు.

ఇప్పుడు స్టోర్‌లో డబ్బాలు చెక్ చేసే పని చేస్తున్నాను. బొటనవేలు, చూపుడువేలితో గ్లాసు పట్టుకోగలను. చలికాలం లేని వేళ్ళు ఇంకా సలుపుతాయి.

ప్రెస్ మీద పనిచేసే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ఒక్కటే చెబుతాను. షిఫ్ట్ మొదలవగానే పొడుగాటి కట్టెను అడ్డం పెట్టి మెషీన్ ఆగుతుందో లేదో చూడండి. ఆగకపోతే, ఎవరు ఏమన్నా దాని మీద కూర్చోకండి. మా రేణుక రోజూ చూస్తుంది. మెషీన్ ఆగిందని నాకు చెయ్యి ఊపి చూపించి, పది వేళ్ళతో పని మొదలుపెడుతుంది.